పక్కవాద్య సాఫ్ట్‌వేర్లలో అసాధారణ గిటార్ కార్డుల నామకరణం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత గేయాల నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం: గిటార్, కీబోర్డ్ వాద్యాలకు తోడుగా వాడే పక్కవాద్య సాఫ్ట్‌వేర్లు ప్రతి స్వరసముదాయాన్నీ ఒక పేరుతో అడుగుతాయి. పేరు లేని కార్డును అవి వాయించలేవు. పాశ్చాత్య సంగీత వ్యవహారంలో ఏర్పడిన ఆ పేర్లు, ఆధారశ్రుతి మీద నడిచే తెలంగాణ జానపద గేయాలకు ఎంతవరకు సరిపోతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కార్డు పేరు స్వరాల పట్టిక కాదని, ఆ స్వరాల గురించి చేసిన ఒక వ్యాఖ్యానమని, ఆ వ్యాఖ్యానం తప్పినప్పుడు నష్టం పాటకే జరుగుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పక్కవాద్యం, కార్డు, ఆధారశ్రుతి, పరిభాష, మేళకర్త, జానపద గేయం, వంత.

1. ఉపోద్ఘాతం

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాద్-విజయవాడ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ వాటికి దక్షిణాన, నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండే వరిపొలాల మధ్య ఉంది. ఇది పాట బలంగా ఉన్న నేల. నాటుపాటలు, బతుకమ్మ పాటలు, సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకొకసారి జరిగే పెద్దగట్టు లింగమంతులస్వామి జాతరలో వినిపించే పాటలు, తెలంగాణ సాయుధపోరాట కాలపు గేయాలు ఇక్కడి జనశ్రుతిలో ఉన్నాయి. నేడు ఈ పాటల్లో చాలా భాగం కీబోర్డు, గిటార్, రిథమ్ ప్యాడ్ తోడుగానే వేదిక ఎక్కుతున్నాయి. పెళ్లి ఆర్కెస్ట్రాలలో, చర్చి గాయక బృందాలలో, సభల సాంస్కృతిక దళాలలో ఒకే వాద్యకారుడు ఒక యంత్రంతో పూర్తి బృందం పని చేయిస్తున్నాడు. ఎడమచేతితో ఒక కార్డు పట్టుకుంటే యంత్రమే బాస్, తాళం, తంత్రీవాద్యాల జవాబులు సమకూరుస్తుంది.

యంత్రం ఇంత పని చేయాలంటే ముందు ఆ కార్డు ఏమిటో గుర్తించాలి. గుర్తించడమంటే దానికి తన జాబితాలోని ఒక పేరు ఇవ్వడమే. చిక్కు అక్కడ మొదలవుతుంది.

తెలుగులో 'కార్డు'కు స్థిరమైన పదం లేదన్న సంగతి కూడా ఇక్కడ గమనించాలి. స్వరసంపుటి, స్వరసమూహం వంటి కల్పనలు ఉన్నా వాద్యకారులెవరూ వాటిని వాడరు. నిఘంటువును ఆశ్రయిస్తే వృత్తంలోని 'జ్యా' ఎదురవుతుంది. యంత్రానువాదాన్ని అడిగితే 'తీగ' అనే ప్రమాదం ఉంది. సంగీతపు పిల్లవాడు జ్యా వాయించలేడు కనుక ఈ వ్యాసంలో 'కార్డు' అనే మాటనే స్వీకరించడమైనది.

2. ఒకే స్వరాలు, రెండు పేర్లు

పన్నెండు స్వరస్థానాల నుంచి ఎన్ని రకాల సముదాయాలు ఏర్పడతాయో లెక్కించవచ్చు. ఒక్క స్వరమైనా ఉన్న సముదాయాలు 4095. ఏ స్వరం నుంచి మొదలైందన్న భేదాన్ని పక్కనపెట్టి, ఆకారాన్నే లెక్కిస్తే 351. వీటిలో వాడుకలో పేరున్నవి కొన్ని పదులు మాత్రమే. మిగిలినవాటికి యంత్రం దగ్గరి పేరేదో ఒకటి అంటగడుతుంది, లేదా ఆగిపోతుంది.

అయితే అసలు కష్టం పేరు లేని సముదాయాలతో కాదు, ఒకటికి మించి పేర్లు ఉన్న సముదాయాలతోనే. సి, ఇ, జి, ఏ అనే నాలుగు స్వరాలను సి సిక్స్త్ అనవచ్చు, ఏ మైనర్ సెవెంత్ అనీ అనవచ్చు. సి, డి, జి స్వరాలు సి మూలమైతే సస్ టూ, జి మూలమైతే సస్ ఫోర్. డిమినిష్డ్ సెవెంత్ కార్డుకు దానిలోని నాలుగు స్వరాలలో ఏదైనా మూలం కావచ్చు కనుక పన్నెండు పేర్లున్నా వినిపించే భిన్న సముదాయాలు మూడే. తెలుగు వ్యాకరణం చదివినవారికి ఈ స్థితి కొత్త కాదు. 'ముక్కంటి' అనే సమాసాన్ని విడదీస్తే మూడు, కన్ను అనే రెండు మాటలే దొరుకుతాయి, శివుడు దొరకడు. విగ్రహవాక్యం చెప్పేవాడు సందర్భాన్ని చూసి అన్యపదార్థాన్ని తెచ్చుకుంటాడు. కార్డు పేరు కూడా విగ్రహవాక్యం వంటిదే. స్వరాలు యంత్రానికి వినిపిస్తాయి. వాటి అన్వయం వినిపించదు.

గిటార్‌లో ఈ సమస్య మరింత ముదురుతుంది. ఆరు తీగలలో కొన్నింటిని నొక్కకుండా వదిలేస్తే అవి ఖాళీగా మోగుతూనే ఉంటాయి. ఇ మేజర్ పట్టును అలాగే రెండు మెట్లు ముందుకు జరిపి, ఒకటి, రెండు, ఆరో తీగలను ఖాళీగా మోగనిస్తే ఇ, సి షార్ప్, ఎఫ్ షార్ప్, ఏ షార్ప్, బి, ఇ స్వరాలు వినిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవాడు కూడా పొరపాటున చేరుకోగల పట్టు ఇది. వినడానికి ఎంతో నిండుగా ఉంటుంది. దీన్ని పుస్తకపు పద్ధతిలో ఎఫ్ షార్ప్ సెవెంత్ యాడ్ ఇలెవెన్, ఇ బాస్ అనాలి. ఇ మూలమనుకుంటే సిక్స్ నైన్ షార్ప్ ఇలెవెన్, గాంధారం లేనిది అనాలి. రెండు పేర్లూ చాంతాడంత ఉన్నాయి. రెండూ ఇది విపరీతమైన కార్డన్న అభిప్రాయాన్నే కలిగిస్తాయి.

ఇదే పట్టును ఇ స్వరమే ఆధారషడ్జంగా విని చూడాలి. అప్పుడు ఎఫ్ షార్ప్ చతుశ్రుతి రిషభం, ఏ షార్ప్ ప్రతి మధ్యమం, బి పంచమం, సి షార్ప్ చతుశ్రుతి ధైవతం. మేచకల్యాణిలో గాంధార నిషాదాలను వదిలితే మిగిలే స్వరాలే ఇవి. ఖాళీ తీగలు షడ్జ పంచమాలను తంబురాలా పట్టుకుని ఉన్నాయి. వేళ్లు తక్కిన మూడు స్వరాలను పలికిస్తున్నాయి. ఇందులో విపరీతం ఏమీ లేదు. ఒక కార్డు అసాధారణమని అన్నప్పుడు, ఏ పరిభాషకు అసాధారణమన్న ప్రశ్న వేయక తప్పదు.

3. షట్శ్రుతి రిషభం సాక్ష్యం

పాశ్చాత్య పరిభాష అంతా మనకు పరాయిదని తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. కొన్నిచోట్ల రెండు సంప్రదాయాలు ఒకే తర్కాన్ని పాటించాయి. రాక్ గిటార్‌లో ప్రసిద్ధమైన ఇ సెవెంత్ షార్ప్ నైన్ కార్డులో ఇ, జి షార్ప్, డి, జి స్వరాలుంటాయి. చివరి జి స్వరం వినికిడికి మైనర్ గాంధారమే. అయినా దాన్ని గాంధారమనకుండా పెంచిన తొమ్మిదో స్వరమని, అంటే రిషభపు రూపమని చెబుతారు. గాంధారపు స్థానాన్ని జి షార్ప్ అప్పటికే ఆక్రమించింది కనుక అదే పేరు మరొకదానికి చెల్లదు.

కర్ణాటక సంగీతం పన్నెండు స్థానాలకు పదహారు పేర్లు పెట్టింది సరిగ్గా ఈ కారణంగానే. సాధారణ గాంధారం ఉన్న స్థానంలోనే షట్శ్రుతి రిషభమూ ఉంది. 36వ మేళం చలనాటలో అంతర గాంధారం ఉండడంతో దాని కిందిది రిషభమే అయి తీరాలి. ఇ సెవెంత్ షార్ప్ నైన్‌ను చలనాట తెలిసిన విద్యార్థికి ఒక్క వాక్యంలో వివరించవచ్చు. గిటార్ పాఠ్యపుస్తకాలు దీనికి పేజీలు ఖర్చుచేస్తాయి.

మేళకర్తల పేర్లలో మరో పాఠం ఉంది. వేంకటమఖి 17వ శతాబ్దిలో చతుర్దండీ ప్రకాశికలో 72 మేళాల ప్రణాళిక వేశాడు. తరువాత స్థిరపడిన పేర్లలో మొదటి రెండక్షరాలు కటపయాది సూత్రం ప్రకారం మేళసంఖ్యను చెబుతాయి. శంకరాభరణానికి 'ధీర' చేర్చింది అందుకే: ధకారం తొమ్మిది, రకారం రెండు, తిప్పి చదివితే 29. కల్యాణికి 'మేచ' చేర్చితే 65. వాడుకలోని పాత పేరు చెడలేదు, గణనకు కావలసిన సంఖ్య దొరికింది. మనిషికీ లెక్కకూ ఒకే పేరు పనికివచ్చిన ఈ ఏర్పాటును సాఫ్ట్‌వేర్ రచయితలు గమనించి ఉంటే బాగుండేది.

దాని పరిమితిని కూడా ఒప్పుకోవాలి. ఆరభి, దేవగాంధారి రెండూ 29వ మేళ జన్యాలే. ఆరోహణావరోహణాలు కూడా ఒకటే. అయినా వినేవాడు వాటిని కలగలపడు. సంచారం వేరు, నిలిచే స్వరాలు వేరు, నడక వేరు. సి సిక్స్త్, ఏ మైనర్ సెవెంత్‌ల మధ్య తగవును ఈ జంట ఎప్పుడో తీర్చింది. స్వరాలను లెక్కపెట్టి పేరు పెట్టలేని సందర్భాలున్నాయని మన సంప్రదాయం ఒప్పుకుంది.

4. మూడు యంత్రపద్ధతులు

యంత్రాల వైపు నుంచి వచ్చిన పరిష్కారాలలో మూడింటిని ఇక్కడ పరిశీలించవచ్చు.

మొదటిది జాబితా పద్ధతి. 1990లో కెనడాలో విడుదలైన బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ మొదలుకొని నేటి కీబోర్డుల దాకా ఎక్కువ పరికరాలు దీన్నే అనుసరిస్తాయి. జాబితా ఎంత పెద్దదైనా జాబితాయే. ధ్వని నుంచి కార్డులను గుర్తించే పరిశోధనలో ఈ ఇరుకుతనం ఇంకా స్పష్టం. 1999లో తకుయా ఫుజిషిమా ధ్వనిలోని శక్తిని పన్నెండు స్వరస్థానాలకు పంచి, ఆ పంపకాన్ని కార్డు నమూనాలతో పోల్చే పద్ధతి చూపాడు. తరువాతి పరీక్షలలో చాలాకాలం పన్నెండు మేజర్, పన్నెండు మైనర్, ఒకటి 'కార్డు లేదు', వెరసి 25 పేర్లతోనే సరిపెట్టారు. మన పాట ఈ పాతిక గదుల్లో ఎక్కడో ఒకచోట ఇమిడి తీరాలి.

రెండోది వాక్యనిర్మాణ పద్ధతి. 2005లో లండన్‌లో జరిగిన సంగీత సమాచార సదస్సులో క్రిస్టఫర్ హార్ట్, అతని సహచరులు కార్డులను అక్షరరూపంలో రాయడానికి ఒక వ్యాకరణం ప్రతిపాదించారు. మూలస్వరం, దానిపై ఉన్న అంతరాల వరుస, కింద మోగే బాస్ వేరువేరుగా రాయాలి. ఉండవలసి లేని స్వరాన్ని నక్షత్రపు గుర్తుతో తొలగించాలి. బీటిల్స్ పాటలను ఈ పద్ధతిలోనే గుర్తించారు. పేరు లేని కార్డును కూడా వర్ణించగలగడం దీని గొప్పదనం. అయినా మూలస్వరం మొదట చెప్పి తీరాలి. పై గిటార్ పట్టుకు మూలం ఏది? వ్యాకరణం ఈ ప్రశ్నకు జవాబివ్వదు, జవాబు తెలుసుకుని రమ్మంటుంది.

మూడోది నిర్వచన పద్ధతి. బాబ్ వాన్ డెర్ పోల్ రచించిన ఎంఎంఏ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్డుల పేర్లను మామూలు పాఠంగా చదివి పక్కవాద్యాన్ని తయారుచేస్తుంది. జాబితాలో లేని కార్డును వాడుకరి స్వయంగా నిర్వచించడానికి డెఫ్‌కార్డ్ అనే ఆదేశం ఉంది. మూడింటిలో విమర్శకుడి దృష్టిని ఎక్కువగా ఆకర్షించేది ఇదే. ఎందుకంటే ఈ ఆదేశం కొత్త పేరుతోపాటు కార్డులోని స్వరాలను మాత్రమే అడిగి ఊరుకోదు. ఆ కార్డు మోగుతున్నప్పుడు ఏ స్వరశ్రేణిలో సంచరించాలో కూడా చెప్పమంటుంది. బాస్ నడకకు, మధ్యలో పూరించే చిన్న సంగతులకు యంత్రానికి ఆ శ్రేణి అవసరం. అంటే కార్డుకు పేరు పెట్టడం, తరువాత ఏం రావచ్చో ముందే చెప్పడం. పేరులో ఒక జోస్యం దాగి ఉందని ఈ ఆదేశం దాచకుండా ఒప్పుకుంది.

ఆ శ్రేణికి ఏడు స్వరాలు ఇవ్వాలి. మన పాటలలో ఔడవాలు, అంతకంటే తక్కువ స్వరాలతో నడిచేవి ఎన్నో ఉన్నాయి. నాలుగైదు స్వరాల పాటకు ఏడు స్వరాల శ్రేణి రాయడమంటే పాటలో లేని స్వరాలను యంత్రం చేతికి ఇవ్వడమే. అది వాటిని ఎక్కడో ఒకచోట వాయించి తీరుతుంది.

5. పాటకు జరుగుతున్నది

సూర్యాపేట ప్రాంతపు పాటలలో ఒక సాధారణ నిర్మాణాన్ని తీసుకుందాం. పాట షడ్జం చుట్టూ తిరుగుతుంది. రిషభం మీద చాలాసేపు నిలుస్తుంది. గాంధారాన్ని తాకి వెనక్కి వస్తుంది. వాద్యకారుడు ఎడమచేతితో షడ్జ పంచమాలు పట్టుకుని, గాయని నిలిచిన రిషభాన్ని కూడా కలిపితే యంత్రం తెర మీద సస్ టూ అని చూపిస్తుంది. సస్ అంటే ఆపివుంచినది, వేలాడదీసినది. ఐరోపా సంగీతంలో వెనకటి కార్డులోని స్వరాన్ని తరువాతి కార్డులోకి పట్టి ఉంచి, ఆపైన గాంధారం వైపు దించడం నుంచి ఆ మాట పుట్టింది. ఆ పేరులో ఒక ఎదురుచూపు ఉంది, తీరవలసిన బాకీ ఉంది.

ఇక్కడి పాటలో రిషభానికి ఏ బాకీ లేదు. అది అక్కడికి నిలవడానికే వచ్చింది. కాని పేరును నమ్మిన వాద్యకారుడు సస్ తరువాత మేజరో మైనరో పట్టి దాన్ని 'పూర్తి' చేస్తాడు. గాయని నిలిచిన చోట పాట కింద నేల కదిలిపోతుంది. కొన్నాళ్లకు గాయనే అలవాటుపడి గాంధారానికి చేరుతుంది. ట్రాక్ మీద పాట నేర్చుకున్న తరానికి అదే అసలు బాణీ. ఒక పేరు ఒక బాణీని ఇలా మార్చగలదు. కర్ణాటక సంగీతంలో పక్కవాద్యం అంటే పక్కన ఉండి అనుసరించేది. ఈ సాఫ్ట్‌వేర్ పక్కన కూర్చుని నడిపిస్తోంది; పేరు మాత్రం పక్కవాద్యమే.

వంత విషయంలో నష్టం మరో రకం. మిర్యాలగూడ, కోదాడ ఆయకట్టులో నాటు వేసే స్త్రీల పాటలో ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. ముందు పాడిన గొంతు ఆగకముందే వంత మొదలుకావడం మామూలు. ఆ కాస్త వ్యవధిలో రెండు స్వరాలు, ఒక్కోసారి మూడు స్వరాలు ఒకేసారి మోగుతాయి. బతుకమ్మలో 'ఉయ్యాలో' అన్న పల్లవి పదం అందుకునేటప్పుడూ ఇదే జరుగుతుంది. కార్డులను గుర్తించే యంత్రం అలాంటి రికార్డింగు విని అక్కడ ఒక అసాధారణ కార్డు ఉందని తేల్చుతుంది. అక్కడ ఉన్నది కార్డు కాదు, ఒక గొంతు మరో గొంతును అందుకోవడం. దానికి 'కార్డు లేదు' అన్న పేరూ న్యాయం చేయదు. ఆ స్వరాలు కలిసి మోగిన మాట నిజం. వాటి కలయికకు కారణం మేళనం కాదు, శ్రమలోని పొత్తు.

6. పరిభాష ఎలా ఉండాలి

కోదాడకు చేరువలోని నడిగూడెం కేంద్రంగా సాగిన మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపకులలో ఒకరై, ఆపైన ఆంధ్ర విజ్ఞానసర్వస్వం తలపెట్టాడు. ఆ సర్వస్వం అకారం దాటకుండానే ఆగింది. అయినా పరభాషలోని శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలంటే ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలన్న స్పృహ ఆ నేల నుంచే వచ్చింది. సంగీతంలో అటువంటి ప్రయత్నమే 1904లో ఎట్టయాపురం నుంచి తెలుగు లిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని. స్వరాక్షరం చెప్పలేని గమకాన్ని ఆయన స్వరం పేరు మార్చి చెప్పలేదు. పేరును అలాగే ఉంచి, పక్కన గుర్తులు చేర్చాడు. నేటి కార్డుల సమస్యకు అనుసరించదగిన మార్గం ఇదే.

ఆ మార్గంలో పాట కోసం రాసే కార్డు సంకేతంలో మొదట ఉండవలసింది కార్డు మూలం కాదు, పాట ఆధారశ్రుతి. గిటార్ పట్టు ఏదైనా దాన్ని ఆ షడ్జం నుంచి స్వరనామాలతో చెప్పాలి. పై ఉదాహరణలో 'ఇ షడ్జం: స రి2 మ2 ప ద2' అని రాస్తే చాంతాడు పేరు అవసరమే ఉండదు. హార్ట్ వ్యాకరణంతో పొసగని సంగతి ఇందులో ఏదీ లేదు. ఇ మూలంగా అంతరాలను వరుసగా రాస్తే యంత్రమూ చదువుతుంది. తరువాతది, నిలకడ గుర్తు. ఒక స్వరం విశ్రాంతిస్థానమా, మరోదానికి దారా అన్నది పాడేవారికి తెలుసు. సేకర్త అడిగి రాసుకోవాలి. సస్ అనే మాటను దారిగా ఉన్న స్వరానికే పరిమితం చేయాలి. గాంధారం లేని చోట లేదని రాయాలి తప్ప మేజర్ అనో మైనర్ అనో ఊహించి పూరించకూడదు. సేకరణ గ్రంథాలలో లుప్తమైన అక్షరం చోట చుక్కలు పెట్టే పరిష్కర్తలు పాట విషయంలో మాత్రం ఎందుకంత ఉదారులవుతున్నారో తెలియదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. పెళ్లి వేదిక మీద నిమిషానికో పాట మార్చే వాద్యకారుడికి ఇంత రాత ఎందుకు? నిజమే, అతనికి సస్ టూ అన్న రెండు ముక్కలు చాలు. అతని కళ తక్కువదీ కాదు. ఈ సూచన అతనికి కాదు. విశ్వవిద్యాలయాల కోసం, ఆకాశవాణి తరహా భాండాగారాల కోసం, పిల్లల పాఠాల కోసం పాటలను ట్రాకులుగా స్థిరపరిచేవారికి ఇది వర్తిస్తుంది. ఒకసారి స్థిరపడిన ట్రాకు రేపు ఆకరంగా చెలామణి అవుతుంది.

ఈ సంకేతం కూడా తీర్చలేనిది ఒకటి మిగిలి ఉంది. ఇక్కడి పాటల్లో గాంధారం చాలాసార్లు సాధారణానికీ అంతరానికీ మధ్య ఊగుతుంది. అదే గాయని అదే చరణంలో రెండోసారి కాస్త పైన పాడుతుంది. గిటార్‌పై మెట్ల మధ్య ఆ చోటు ఉంది, తీగను పక్కకు లాగితే అందుతుంది. కీబోర్డుపై మీటల మధ్య ఖాళీ లేదు. పిచ్ చక్రం తిప్పితే కార్డంతా కదులుతుంది. సంకేతంలో 'గ' అని మాత్రమే రాసి, పక్కన సంఖ్య వేయకుండా వదిలితే మనిషి దాన్ని ఊగే గాంధారంగా చదువుకోగలడు. సంఖ్య లేని గాంధారాన్ని చదివే యంత్రం మాత్రం ఇంకా రావాలి. అంతవరకు ఆ చరణాల కింద షడ్జ పంచమాలు మాత్రమే మోగనిచ్చి, గాంధారాన్ని గొంతుకే వదలడం మేలు.